పస లేని దావా - ముందుజాగ్రత్త

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వెళ్ళి ఏడ్చాడని సామెత. పస లేని దావాలు వేసే కోర్టు పక్షికి ఈ సామెతే పెట్టుబడి. తీర్పు తనకు అనుకూలంగా రాదని అతడికీ తెలుసు. ఎదుటివాణ్ణి విసిగించి, రాజీకి దింపి, ఎంతో కొంత రాబట్టుకోవడమే అతడి ఎత్తుగడ.

సూరత్‌లోని పర్వత్ పాటియా ప్రాంతాన్నే తీసుకుందాం. తెలంగాణ జిల్లాల నుండి మగ్గాన్ని నమ్ముకుని వలస వెళ్ళిన కుటుంబాలు ఆ నగరంలో ఎన్నో ఉన్నాయి. వారిలో ఒకాయన సొంత షెడ్డులో పన్నెండు మరమగ్గాలు నడుపుతున్నాడనుకుందాం. షెడ్డులో కొంత భాగం తన స్థలంలోకి వచ్చిందనీ, మగ్గాలు నిలిపివేయించాలనీ పొరుగువాడు దావా వేశాడు. ఆయన భయపడవలసింది ఎప్పుడో రాబోయే తీర్పుకు కాదు. ఈలోగా రాగల మధ్యంతర ఇంజంక్షనుకు. మగ్గం ఆగితే పనివారు మరో షెడ్డు చూసుకుంటారు. బేరగాడు మరో నేతగాణ్ణి వెతుక్కుంటాడు.

పరాయి రాష్ట్రంలో బ్రతికేవారికి మరొక చిక్కు కూడా ఉంది. అక్కడి కింది కోర్టుల భాష గుజరాతీ. తెలుగు తప్ప చదవలేని ఇంటికి సమన్లు వస్తే, అదేదో పన్ను కాగితమనుకుని అటకమీద పెట్టే ప్రమాదం లేకపోలేదు. సమన్లు అందిన 30 రోజుల్లో ప్రతివాది తన జవాబు దాఖలు చేయాలి. కోర్టు అనుమతిస్తే 90 రోజుల దాకా గడువు దొరుకుతుంది. అప్పటికీ హాజరు కాకపోతే ఎంత పస లేని దావా అయినా ఏకపక్ష డిక్రీగా మారవచ్చు. అర్థం కాని కాగితాన్ని ఆనాడే చదివించుకోవడం అన్నింటికన్నా చౌక అయిన రక్షణ.

దావా రాబోతున్నదని పసిగట్టినవాడికి 1976 సవరణ మంచి ఆయుధాన్ని ఇచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ సెక్షను కింద వేసే కేవియట్ అది. వాది కాగలవాడికి రిజిస్టరు పోస్టులో నోటీసు పంపి, కోర్టులో కేవియట్ దాఖలు చేస్తే, కేవియట్ వేసినవాడికి తెలియజేయకుండా మధ్యంతర దరఖాస్తుపై విచారణ జరగకూడదు. ఇది దావాను ఆపదు. చాటుమాటు ఉత్తర్వును మాత్రమే ఆపుతుంది. దీని ఆయుష్షు 90 రోజులు. ఆ తరువాత మళ్ళీ వేయవలసిందే. చాలామంది మరచిపోయేది ఇక్కడే.

దావా పడిన పిమ్మట ఆర్డరు 7, రూలు 11 కింద దానిని మొదటిమెట్టులోనే తిరస్కరించమని కోరవచ్చు. 1977లో అరివందందం కేసులో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ ఈ విషయంలో చాలా కటువుగా మాట్లాడారు. ఖాళీ చేయడానికి గడువు పుచ్చుకుని, తరువాత ఆ డిక్రీయే మోసమంటూ కొత్త దావాకు దిగిన బెంగుళూరు అద్దెదారు వ్యవహారమది. దావా హక్కు ఉన్నట్టు భ్రమ కల్పించే రాతకోతలను మొలకలోనే తుంచాలని కింది కోర్టులకు ఆయన చెప్పారు. అయితే ఈ దశలో కోర్టు చూసేది వాది రాసుకున్న ఫిర్యాదునూ, దానికి జతచేసిన పత్రాలనూ మాత్రమే. అబద్ధం నేర్పుగా అల్లినదైతే సాక్ష్యం దాకా వెళ్ళక తప్పదు.

మరి నష్టపరిహారమో? ఇక్కడ చట్టం చేతికి ఎముక ఉంది. తెలిసి తెలిసీ వేసిన తప్పుడు దావాకు 35ఎ సెక్షను ఇప్పించగల గరిష్ఠ మొత్తం 3,000 రూపాయలు. పన్నెండు మగ్గాలు ఒక రోజు ఆగిన నష్టానికైనా ఇది చాలుతుందా అన్నది అనుమానమే. 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టం కిందికి వచ్చే వ్యాపార తగాదాలకు మాత్రం ఈ పరిమితి లేదు. సరైన ఆధారం లేకుండా ఇంజంక్షను తెచ్చి నష్టపరచినవాడి నుండి 95వ సెక్షను కింద 50,000 దాకా కోరవచ్చు. 35ఎ కింద పరిహారం కావాలంటే, దావా అబద్ధమని వాదికి తెలుసునన్న అభ్యంతరాన్ని ప్రతివాది ముందే లేవనెత్తి ఉండాలి. దానిని జవాబు పత్రంలోనే రాయించడం క్షేమం.

వకీలు ఫీజు భరించలేని మగ్గం కార్మికులకూ, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకూ, జిల్లా న్యాయ సేవా ప్రాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని నియమిస్తుంది. దరఖాస్తుతోపాటు ఆ సమన్ల కాగితం వెంట తీసుకుపోవాలి.