రెండో పంపు

హైదరాబాదులో సంపు అంటే నీళ్ళు దాచుకునే చోటు. పంపునీళ్ళు వదిలిన కాసేపట్లో అది నిండితే ఆ పూటకి నిశ్చింత. అమెరికాలో సంపు అంటే నీళ్ళు బయటికి తోడే చోటు. అది నిండితే ఆ రాత్రికి నిద్ర ఉండదు. మాట ఒకటే, పని తలకిందులు. అందుకేనేమో, మనవాళ్ళు ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు తూర్పు గుమ్మాన్నీ, వంటింటి గ్రానైటునీ చూసినంత శ్రద్ధగా బేస్‌మెంటు మూలనున్న ఆ గుంటని చూడరు. చూసినా అడిగేది ఒకటే: "పంపు ఎన్ని హార్స్‌పవరు?" నా ఉద్దేశంలో మొదట అడగాల్సింది అది కాదు. "కరెంటు పోతే ఏది నడుస్తుంది?" అని అడగాలి.

ముందు హార్స్‌పవరు సంగతి తేల్చేద్దాం. చాలా ఇళ్ళలో పునాది చుట్టూ చిల్లుల గొట్టం వేసి ఉంటుంది. మట్టిలో ఊరిన వాన నీరు దాని గుండా గుంటలోకి దిగుతుంది. మట్టం పెరిగితే ఫ్లోటు లేచి స్విచ్చి వేస్తుంది, పంపు నీటిని పైకి తోసి ఇంటికి దూరంగా పారబోస్తుంది. అంటే మనకి కావలసిన పంపు ఎంతదో చెప్పేది దుకాణం కాదు, మన గుంటే. గట్టి వాన పడుతున్నప్పుడు ఒక్క నిమిషం ప్లగ్గు తీసి నీరు ఎన్ని అంగుళాలు పెరిగిందో చూడండి. 18 అంగుళాల వెడల్పున్న గుంటలో ఒక అంగుళం ఎత్తంటే సుమారు 1.1 గ్యాలన్లు. నిమిషానికి 5 అంగుళాలు పెరిగితే గంటకి 330 గ్యాలన్లు. జాగ్రత్త కోసం రెట్టింపు చేసుకున్నా 660. పది అడుగుల ఎత్తుకి తోసేటప్పుడు కూడా మంచి రకం మూడోవంతు హార్స్‌పవరు పంపు గంటకి దగ్గర దగ్గర 2000 గ్యాలన్లు తోడగలదు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె చూసి మోసపోకండి. మీ ఇంట్లో నీరు ఎన్ని అడుగులు ఎక్కాలో, ఆ ఎత్తుకి ఎదురుగా ఉన్న అంకె చూడండి.

అవసరానికి మించిన పంపు వల్ల లాభం లేకపోగా నష్టం. అది చిన్న గుంటని క్షణాల్లో ఖాళీ చేసి ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. మోటారుని అరగదీసేది ఆ మొదలవడమే. పోతఇనుప ఒళ్ళున్న, నీటిలో మునిగి పనిచేసే రకం తీసుకోండి. మోటారు వేడి ఆ ఇనుము గుండా నీటిలోకి పోతుంది. గుంట ఇరుకైతే తాడుకి వేలాడే ఫ్లోటు వద్దు, గోడకి తట్టుకుని ఇరుక్కుపోతుంది. నిలువుగా పైకీ కిందకీ కదిలేది మేలు. ఇక హార్స్‌పవరు పెంచడానికి పెట్టబోయే డబ్బుని రెండో పంపుకి దాచుకోండి.

ఎందుకంటే గాలివాన వస్తే వాన ఒక్కటే రాదు, కరెంటు కూడా పోతుంది. పంపు అవసరం ఎక్కువైన గంటలోనే అది చచ్చుబడుతుంది. 2012 అక్టోబరు 29న శాండీ తుఫాను వచ్చినప్పుడు న్యూజెర్సీలో ఇరవై లక్షలకి పైగా ఇళ్ళకీ, దుకాణాలకీ కరెంటు పోయింది. చాలాచోట్ల తిరిగి రావడానికి రోజులు పట్టింది. అలాంటప్పుడు మూడోవంతు హార్స్‌పవరైనా ఒకటే, ఒక హార్స్‌పవరైనా ఒకటే.

దీనికి మూడు దారులున్నాయి. జెనరేటరు మంచిదే, కానీ అది నడిపేది అదే పాత పంపుని. ఫ్లోటు ఇరుక్కుపోతే జెనరేటరు ఏమీ చేయలేదు. పైగా చేత్తో స్టార్టు చేసే రకమైతే ఇంట్లో మనిషి ఉండాలి. దాన్ని గరాజులో పెట్టి నడపడం ప్రాణాంతకం, కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు. రెండోది కుళాయి నీటి ఒత్తిడితో నడిచే పంపు. దానికి బ్యాటరీ అక్కర్లేదు. కానీ రెండు గ్యాలన్లు తోడడానికి సుమారు ఒక గ్యాలను మంచినీళ్ళు పారబోస్తుంది, సొంత బావి నీళ్ళున్న ఇళ్ళకి పనికిరాదు. మూడోది, నేను చెప్పేది, తన సొంత ఫ్లోటుతో విడిగా ఉండే బ్యాటరీ పంపు. 100 ఆంపియర్-గంటల బ్యాటరీ మీద 12 ఆంపియర్లు లాగే పంపు ఆపకుండా నడిస్తే, కాగితం మీద లెక్కకి 8 గంటలు. నిజానికి అంతకన్నా తక్కువే. అయితే పంపు ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి చాలాసార్లు అంతకన్నా ఎక్కువ సేపే ఆదుకుంటుంది. కొన్నేళ్ళకోసారి బ్యాటరీ మార్చాల్సిందే.

మనవాళ్ళకి ఇది మరీ ముఖ్యం అనడానికి కారణం ఉంది. పిల్లల సెలవలకి మనం నాలుగు వారాలు ఇండియాలో ఉంటాం. ఇక్కడ ఉరుముల వానలు దంచేది ఆ వేసవిలోనే. తాళం వేసిన ఇంట్లో జెనరేటరు తాడు లాగేదెవరు? "ఇన్నేళ్ళలో ఏమీ కాలేదుగా" అంటారు. బేస్‌మెంటులో ఏముందో ఒకసారి గుర్తు చేసుకోండి: పెళ్ళి ఆల్బములు, బొమ్మల కొలువు పెట్టెలు, ఊరి నుంచి మోసుకొచ్చిన పుస్తకాలు. మామూలు ఇంటి ఇన్సూరెన్సు సంపు పొంగితే సాధారణంగా డబ్బివ్వదు, దానికి అదనపు కవరేజి విడిగా తీసుకోవాలి. వరద ఇన్సూరెన్సు మళ్ళీ వేరు, అందులోనూ బేస్‌మెంటు సామానుకి దక్కేది బహు తక్కువ.

ఒక హద్దు మాత్రం చెప్పాలి. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను శేషం న్యూయార్కు సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాల వాన కురిపించింది. ఆ రాత్రి ఆ నగరంలో బేస్‌మెంటు ఇళ్ళలో 11 మంది చనిపోయారు. వీధి మీంచి దూకే వరదనీ, ఎదురు తన్నే మురుగునీ ఏ సంపు పంపూ ఆపలేదు. వరద హెచ్చరిక వచ్చిన రాత్రి కింద పడుకునే అమ్మానాన్నలని పైకి తీసుకురండి. ఆ పని పంపుకి వదలకండి.

మిగతా రాత్రుల కోసం ఏడాదికి రెండుసార్లు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. పెద్ద పంపు ప్లగ్గు తీసి, రెండో ఫ్లోటు లేచేదాకా గుంటలో బకెట్లతో నీళ్ళు పొయ్యండి. రెండో పంపు మోత వినిపిస్తే మీ ఎంపిక సరైనదే. వినిపించకపోతే, ఆ సంగతి వాన రాకముందే తెలిసింది.