కాన్పు ఫైలు అటకెక్కించొద్దు!

గుండెపోటు మగవాళ్ల జబ్బనీ, అదీ యాభై దాటాకే వస్తుందనీ చాలా ఇళ్లలో నమ్మకం. అందుకే ముప్ఫై అయిదేళ్ల ఇల్లాలు 'ఛాతీ బరువుగా ఉంది, ఆయాసంగా ఉంది' అంటే 'గ్యాసేమో, సోడా తాగు' అనేస్తారు. ఆమె కూడా పిల్లల క్యారేజీలు కట్టేదాకా ఓర్చుకుంటుంది. ప్రమాదమంతా అక్కడే!

నెలసరి ఆగేవరకూ ఈస్ట్రోజెన్ హార్మోను ఆడవాళ్ల గుండెకు కొంత అండగా ఉంటుందన్నది నిజమే. కానీ మధుమేహం ఉంటే ఆ అండ చాలావరకూ పోతుంది. నలభై అయిదేళ్లలోపే నెలసరి ఆగిపోయినా, చిన్న వయసులోనే గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేసినా ఆ రక్షణ ముందే దూరమవుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, గర్భసంచి తీయించుకున్న మహిళలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. తప్పనిసరా కాదా అని ఇంకో డాక్టర్ని అడగడం అందుకే అవసరం.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. గర్భిణిగా ఉన్నప్పుడు బీపీ బాగా పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోతే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ముదిరితే ఫిట్స్ వస్తాయి. అదే గుర్రపువాతం. కాన్పయ్యాక బీపీ దిగిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఇలాంటివారికి తర్వాతి కాలంలో గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. గర్భంతో ఉండగా వచ్చిన షుగరూ అంతే, కాన్పుతో పోయినా మళ్లీ మధుమేహంగా తిరిగి రావచ్చు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లోనే ఈ రెండింటినీ గుండెజబ్బు ముప్పు కారణాల్లో చేర్చింది.

కాబట్టి...

* కాన్పు ఫైలు దాచండి. ఏ జబ్బుకు వెళ్లినా అప్పటి బీపీ, షుగర్ సంగతి డాక్టర్‌కి చెప్పండి.
* అప్పట్లో షుగర్ వచ్చినవారు కాన్పయిన 6-12 వారాలకు పరీక్ష చేయించుకుని, తర్వాత ఒకటి నుంచి మూడేళ్లకోసారి చూపించుకోవాలి.
* బీపీ ఏటా చూపించుకోండి. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటనివ్వొద్దు.
* బీపీ ఉన్నవారు సొంతంగా గర్భనిరోధక మాత్రలు వాడొద్దు.

ఆడవాళ్లలోనూ ఛాతీనొప్పే ప్రధాన లక్షణం. దాంతోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, దవడ, వీపు నొప్పి, వికారం, చెమటలు, ఎన్నడూ లేనంత నీరసం కనిపిస్తాయి. అప్పుడు సోడా కోసం కాదు, 108కి ఫోన్ చేయాలి. క్యారేజీలు ఆ ఒక్కరోజుకి ఇంకెవరైనా కడతారు!