జీవకణంలోని కావలి

2020వ సంవత్సరంలో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు ‘రోగనిరోధక శక్తి’ అనే మాట శాస్త్ర గ్రంథాలను విడిచి కిరాణా దుకాణాలకు చేరింది. పొడులు, కషాయాలు, మాత్రలు – దేనిని చూచినా ఆ శక్తిని పెంచుతుందన్న ప్రకటనే. మరుసటి ఏడు టీకాలు వచ్చాయి. ఒంట్లోనే శక్తి ఉండగా సూది ఎందుకని కొందరు, సూది వేసిన రాత్రి జ్వరం వచ్చింది గనుక అది హానికరమేనని మరికొందరు వాదించారు. ఈ మూడు అభిప్రాయాలకూ మూలం ఒక్కటేనని మా విశ్వాసం. మన శరీరంలోని జీవకణం శత్రువును ఎట్లా గుర్తిస్తుందో మనకు తెలియకపోవడమే ఆ మూలం.

వైరస్ తనంత తానుగా వృద్ధి చెందలేదు. అది కణంలో ప్రవేశించి, కణపు సాధనాలతోనే తన ప్రతులను తయారు చేయించుకుంటుంది. కరోనా వంటి వైరస్‌ల జన్యుపదార్థం ఆర్.ఎన్.ఏ. మన కణంలోనూ ఆర్.ఎన్.ఏ. ఉన్నది. మరి తనదేదో పరాయిదేదో కణానికి తెలిసేదెట్లా? గుర్తులను బట్టి, చోటును బట్టి. మాంసకృత్తుల తయారీకి ఆజ్ఞలు మోసే మన ఆర్.ఎన్.ఏ. పోగు మొదట ఒక రసాయనపు తొడుగు ఉంటుంది. అనేక వైరస్‌ల ఆర్.ఎన్.ఏ.కు అది ఉండదు. పొడవాటి జంటపోగుల ఆర్.ఎన్.ఏ. ఆరోగ్యవంతమైన కణరసంలో సాధారణంగా కానరాదు. డి.ఎన్.ఏ. ఉండవలసిన చోటు ముఖ్యంగా కేంద్రకం. అది కణరసంలో కనిపించిందంటే ఏదో ప్రమాదం జరిగిందన్నమాట. ఈ గుర్తులను కనిపెట్టడానికి కణంలో కావలి అణువులు ఉన్నాయి. వైరస్‌ను మింగిన సంచులలో టోల్ గ్రాహకాలు, కణరసంలో ఆర్.ఎన్.ఏ.ను పరీక్షించే రిగ్-ఐ, డి.ఎన్.ఏ.ను పట్టుకొనే సీ-గ్యాస్ వాటిలో ముఖ్యమైనవి.

కావలి మేలుకొనగానే కణం ఇంటర్ఫెరాన్ అనే పదార్థాన్ని వెలువరిస్తుంది. అది ఇరుగుపొరుగు కణాలను హెచ్చరిస్తుంది. ఆ కణాలు వందలాది జన్యువులను పనిలోనికి దింపి, వైరస్ రాకముందే దాని ఆర్.ఎన్.ఏ.ను తెగగొట్టే సాధనాలను, ప్రతుల తయారీని నిలిపివేసే సాధనాలను సిద్ధం చేసుకుంటాయి. ప్రతిరక్షకాలు, శిక్షణ పొందిన తెల్లకణాలు రంగంలోనికి రావడానికి కొన్ని దినాలు పడుతుంది. అంతవరకు కోటను నిలబెట్టేది ఈ తొలి హెచ్చరికయే.

ఈ జ్ఞానం ఒక్కనాడు లభించినది కాదు. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ అనే శాస్త్రజ్ఞులు కోడిగుడ్డు పొరలపై పరిశోధిస్తూ ఇంటర్ఫెరాన్‌ను కనుగొన్నారు. అది వెలువడడానికి కారణమైన కావలి ఏదో తెలియడానికి మరి నాలుగు దశాబ్దాలు పట్టింది. 1996లో హాఫ్‌మన్ బృందం పండ్ల ఈగలలో టోల్ జన్యువు రక్షణకు అవసరమని నిరూపించింది. 1998లో బాయిట్లర్ బృందం ఎలుకలలో అటువంటి గ్రాహకాన్ని గుర్తించింది. 2011లో వీరిద్దరికీ నోబెల్ బహుమతిలో భాగం లభించింది. రిగ్-ఐ పాత్ర 2004లో, సీ-గ్యాస్ 2013లో వెల్లడయ్యాయి.

ఇక మా వాదనకు వస్తాము. రక్షణలో బలం కన్నా వేళ ముఖ్యం. 2020లో నెదర్లాండ్స్‌లో, అంతకుముందు ఆరోగ్యంగా ఉన్న నలుగురు యువకులు కరోనాతో తీవ్రంగా జబ్బుపడ్డారు. వారిలో టోల్-7 అనే కావలి లోపించినదని తేలింది. అదే ఏడు మరొక పరిశోధనలో, ప్రాణాంతకమైన కరోనా న్యుమోనియాకు గురైన వారిలో నూటికి సుమారు పదిమందికి తమ ఇంటర్ఫెరాన్‌నే నిర్వీర్యం చేసే ప్రతిరక్షకాలు ఉన్నట్లు వెల్లడయింది. తొలి హెచ్చరిక విఫలమైతే కలిగే నష్టం ఇది. మరొక వైపు చూడండి. అదే సంవత్సరం బ్రిటన్‌లో డెక్సామెథసోన్ అనే చవక మందు కృత్రిమ శ్వాసపై ఉన్న రోగుల మరణాలను సుమారు మూడవ వంతు తగ్గించింది. అది చేసేది రోగనిరోధక వ్యవస్థ ఉద్రేకాన్ని అణచడమే! ప్రాణవాయువు అవసరం లేని రోగులకు ఆ మందు మేలు చేయలేదు. కనుక రోగనిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మంచిదన్న ప్రకటన శాస్త్రానికి విరుద్ధం. సకాలంలో మేలుకొని, పని ముగియగానే శాంతించడమే ఆరోగ్యం.

టీకా చేసే ఉపకారం సరిగా ఇదే. అది ఒంట్లోని శక్తికి ప్రత్యామ్నాయం కాదు. ఆ శక్తిని ముందుగానే మేల్కొలిపే ఉపాయం. దీనికి నిదర్శనం మనకు దూరంగా లేదు. మన జిల్లాకు పొరుగున, శామీర్‌పేట ప్రాంతంలోని జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్ సంస్థ కోవాక్సిన్‌ను రూపొందించింది. 2021 జనవరి 3న దానికి అత్యవసర అనుమతి లభించింది. అందులో చంపిన వైరస్‌తో పాటు, టోల్-7, టోల్-8 కావళ్లను తట్టిలేపే ఒక రసాయనాన్ని కూడా చేర్చారు. టీకా వేసిన రాత్రి వచ్చే కొద్దిపాటి జ్వరం సాధారణంగా ఆ మేలుకొలుపుకు సూచన. జ్వరం రానంత మాత్రాన టీకా పనిచేయలేదని భావించరాదు.

అజ్ఞానం వల్ల కలిగే కీడు ఒక్క శరీరానికే పరిమితం కాదు. 2020లో వ్యాధిని ఒక మతానికి అంటగట్టిన మాటలు మనం విన్నాము. కణంలోని కావలి వైరస్ ఎవరి ద్వారా వచ్చిందని అడగదు. దాని గుర్తును మాత్రమే చూస్తుంది. ఆ పాటి వివేకం మనుషులకు ఉండవద్దా?

యాదగిరిగుట్టకు నిత్యం నలుదిక్కుల నుండి యాత్రికులు వస్తారు. ఆటో నడిపేవారు, సత్రాలలో పనిచేసేవారు, పూలు అమ్మేవారు రోజూ ఎందరినో కలుస్తారు. తదుపరి వ్యాధి వచ్చినప్పుడు వారికి నిజం చెప్పవలసినది ఎవరు? బీబీనగర్ ఎయిమ్స్‌లో 2019 నుండి వైద్యవిద్య సాగుతున్నది, సంతోషం. అయితే ఇంటి భాషలో ఇరుగుపొరుగుకు చెప్పగలిగినవారు మన విద్యార్థులే. ఉర్దూ మాధ్యమంతో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసిన గడ్డ ఇది. శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తేవడానికి దానికి ఒక ఏడు ముందే దారుల్ తర్జుమా ఏర్పడింది. శాస్త్రం మన భాషలలో ఇమడదన్న సందేహం మనకు తగదు.

కావున కళాశాల పాలక సంఘానికి మా విన్నపం ఒక్కటే. నెలకొక గంట కేటాయించి, జీవశాస్త్ర విద్యార్థులచే ఉర్దూలోనూ తెలుగులోనూ ఇటువంటి విషయాలపై ఉపన్యాసాలు ఇప్పించండి. రెండు భాషల గోడపత్రికను నడిపించండి. విద్యార్థి మిత్రులారా, పరీక్ష కోసం కంఠస్థం చేసిన పాఠాన్ని ఒక్కసారి ఇంట్లో అమ్మకు, అమ్మీజాన్‌కు అర్థమయ్యేట్లు చెప్పి చూడండి. వ్యాధి గుమ్మంలోనికి వచ్చాక చెప్పే మాటకన్నా ముందుగా చెప్పిన మాటకే విలువ ఎక్కువ.