నడుం పట్టిందా... పూస కుంగిందా?

బియ్యం సంచీ జరపబోయారు. బిందె ఎత్తబోయారు. గట్టిగా దగ్గారు... అంతే, నడుంలో కలుక్కుమంది! 'పట్టేసింది, నాలుగు రోజుల్లో అదే పోతుంది' అని బామ్ రాసుకుని సరిపెట్టుకుంటారు చాలామంది పెద్దవాళ్లు. కానీ గుల్లబారిన వెన్నుపూస కుంగి విరిగి ఉండొచ్చు. ఇలాంటి వాటిలో మూడింట రెండొంతులు డాక్టరు దాకా రానే రావు.

ఎందుకిలా?

ఎముక నిత్యం కరుగుతూ, మళ్లీ తయారవుతూ ఉంటుంది. ముట్లుడిగాక ఆడవాళ్లలో ఈస్ట్రోజెన్ తగ్గి, కరగడమే ఎక్కువవుతుంది. అదే ఆస్టియోపొరోసిస్. మగవాళ్లకూ వయసుతోపాటు ఈ బెడద తప్పదు. కీళ్లనొప్పులకని ఏళ్ల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలు, బీడీ, మద్యం దీన్ని మరింత పెంచుతాయి. ఛాతీ, నడుం కలిసేచోట ఉన్న పూసలే ఎక్కువగా నలుగుతాయి. ఒకదాని తర్వాత ఒకటి కుంగితే ఎత్తు తగ్గి, గూని వస్తుంది.

నల్గొండలో మరో చిక్కు

నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో దశాబ్దాలపాటు ఫ్లోరైడ్ బోరు నీళ్లే తాగారు. ఫ్లోరైడ్ చేరిన వెన్నుపూస ఎక్స్‌రేలో దట్టంగా, తెల్లగా కనిపిస్తుంది. కానీ ఆ దట్టం బలం కాదు. అలాగని అన్ని ఎముకలూ దట్టంగానే ఉండవు. ఫ్లోరోసిస్ ఉన్నచోటే ఎముకలు గుల్లబారడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే 'లాన్సెట్' పత్రికలో రాశారు. సాధారణంగా డెక్సా పరీక్షలో టి-స్కోరు మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువైతే ఆస్టియోపొరోసిస్ అంటారు. ఇక్కడ మాత్రం వెన్ను దగ్గర అంకె బాగున్నట్టే కనిపించి మోసగించొచ్చు. అందుకే ఏ ఊరు, ఎన్నేళ్లు ఏ నీళ్లు తాగారన్నది డాక్టరుకు తప్పక చెప్పాలి. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా, ఎముకలో పేరుకున్న ఫ్లోరైడ్ అంత తొందరగా పోదు.

ఏం చేయాలి?

కొత్తగా వచ్చిన నడుంనొప్పి తగ్గకపోతే, ఎత్తు తగ్గినట్టనిపిస్తే ఎక్స్‌రే తీయించాలి. కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. కొద్దిరోజుల విశ్రాంతి, నొప్పి మందులు, అవసరమైతే బెల్టు చాలు. నెలల తరబడి మంచానికే అతుక్కుపోతే ఎముక మరింత బలహీనపడుతుంది. మళ్లీ విరగకుండా వాడే మందులను డాక్టరే నిర్ణయించాలి. వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్రను పొద్దున్నే పరగడుపున, మంచినీళ్లతోనే మింగి, అరగంట పడుకోకుండా ఉండాలి.

రాగి జావ, పాలు, పెరుగు, ఆకుకూరలు, కాస్త ఎండ, రోజూ నడక మరవొద్దు. బరువెత్తాల్సి వస్తే నడుం కాదు, మోకాళ్లు వంచండి. అంతకన్నా మేలు... ఆ బిందె ఇంట్లో చిన్నవాళ్లకు అప్పగించడం!