పంట కాపలా తూటాకు కొత్త సంకెళ్లు వద్దు: రాష్ట్ర హోం మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి శ్రీమతి వంగలపూడి అనిత గారికి,

కర్నూలు జిల్లా కౌతాళం మండలం నుంచి ఒక రైతు నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

ఎక్కడైనా తుపాకీ పేలిన వార్త వచ్చిందంటే లైసెన్సుదారులకు తూటాల అమ్మకం ఇంకా బిగించాలని, కోటా కోయాలని, అవసరమైతే రాష్ట్రమే ఒక చట్టం తేవాలని సలహాలిచ్చేవాళ్లు బయల్దేరతారు. అలాంటి ప్రతిపాదన మీ ముందుకు ఏ రూపంలో వచ్చినా ఒప్పుకోవద్దని అడగడానికే ఈ లేఖ. తుపాకీ మీద మోజుతో అడగడం లేదు. మా పడమటి పల్లెల్లో లైసెన్సు తుపాకీ ఉన్న రైతులు కొద్దిమందే. ఆ కొద్దిమంది చేతులు కట్టేస్తే దొంగ తుపాకీ ఒక్కటి కూడా తగ్గదు, మా చేలు మాత్రం జంతువుల పాలవుతాయి.

మా పరిస్థితి కాస్త వివరంగా చెప్పాలి. తుంగభద్ర దిగువ కాలవ (ఎల్లెల్సీ) నీళ్లు పారే పొలాలు కొన్ని ఉన్నా, ఎక్కువ భూమి వానను నమ్ముకున్నదే. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి వచ్చే భక్తులు దారి పక్క నల్లరేగడి చేలల్లో జింకల గుంపులు చూసి ముచ్చటపడతారు. సరిగ్గా అప్పుడే మా ముంగారు పైరు నాలుగాకుల మీద ఉంటుంది. గుంపు చేలో దిగిందంటే పత్తి మొలకలు, వేరుశనగ మొలకలు తెల్లారేసరికి మొదళ్లతో సహా పోతాయి. కౌతాళం, కోసిగి, హొళగుంద, హాలహర్వి, ఆలూరు, ఆదోని అని తేడా లేకుండా ఏ ఊళ్లో అడిగినా ఇదే మాట వినిపిస్తుంది. మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ గుంటక తోలాలి. అదును దాటాక వేసిన విత్తనం ఎంత పండుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అప్పు పెరిగిన ఇంటికి తాళం పడుతుంది. పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకో, బెంగళూరుకో, హైదరాబాదుకో పోతారు. మా మండలాల వలసల గురించి ఏటా కథనాలు వస్తాయి కానీ, ఆ వలసకు ఒక మూలం రాత్రి మేసేసిన మొలకల్లో ఉందని రాసేవాళ్లు తక్కువ.

కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపడం నేరమని మాకు తెలుసు, చంపనివ్వమని మేం అడగడం లేదు. అడవి పందిని కూడా 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూలులోకి మార్చారు. దాన్ని కాల్చాలన్నా అధికారి రాతపూర్వక అనుమతి ఉండాల్సిందే. రైతు చేతి తుపాకీ చేసే పని ప్రధానంగా చప్పుడు. మంచె మీద డబ్బా కొడతాం, టపాసులు పేలుస్తాం, చేను చుట్టూ పాత చీరలు కడతాం. కొన్నాళ్లకు జంతువులు వాటికి అలవాటు పడిపోతాయి. ఆకాశంలోకి పేల్చిన తుపాకీ మోతకు మాత్రం గుంపు ఇంకా బెదురుతుంది. పందుల గుంపు ఎదురుపడిన చీకట్లో ఒంటరిగా కాపలా కాసే మనిషికి అదే ధైర్యం.

ఈ అవసరాన్ని 1959 నాటి ఆయుధాల చట్టమే గుర్తించింది. నిజంగా పంట కాపలా కోసమే అడిగితే మందు కూరే నాటు తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షన్ చెబుతోంది. అది చాలదని అధికారికి తోస్తే ఇతర నున్నటి గొట్టం తుపాకీకీ ఇవ్వవచ్చు. పార్లమెంటు రైతును నమ్మి రాసిన మాట అది. తుపాకీ ఇచ్చి తూటా ఇవ్వకపోతే ఆ మాటకు విలువేముంటుంది?

ఇక తూటాల లెక్క. రైతు దుకాణానికి పోయి సంచి నిండా తూటాలు కొనుక్కొస్తాడని అనుకునేవాళ్లు ఒక్కసారి లైసెన్సు పుస్తకం తెరిచి చూడాలి. ఒక్కసారికి ఎన్ని కొనవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో అందులోనే రాసి ఉంటుంది. అమ్మేవాడికీ లైసెన్సు ఉండాలి. కొన్న తేదీ, సంఖ్య కొన్నవాడి లైసెన్సులో ఎక్కాలి, అమ్మినవాడి రిజిస్టరులో ఎక్కాలి. లైసెన్సు ఇవ్వకముందే పోలీసులు ఊళ్లో విచారిస్తారు. ప్రతి లైసెన్సుకూ జాతీయ స్థాయిలో ఒక ప్రత్యేక సంఖ్య ఉంటుంది. అమెరికాలో కాలిఫోర్నియా ప్రజలు 2016లో ఓటు వేసి, తూటాలు కొనేవాడి పూర్వాపరాలు చూడాలనే నిబంధన తెచ్చుకున్నారు. 2019 జులై నుంచి అమల్లోకి వచ్చిన ఆ నిబంధన మీద అక్కడి కోర్టుల్లో పెద్ద పోరే నడిచింది. విదేశాల్ని చూసి నేర్చుకోమనేవాళ్లు గమనించాల్సింది ఏమిటంటే, అక్కడ కొత్తగా వచ్చినదానికంటే కఠినమైన ఏర్పాటు మన దగ్గర దశాబ్దాలుగా నడుస్తోంది. దీని మీద ఇంకో తాళం వేస్తే పడేది ఇప్పటికే లెక్క చెబుతున్నవాడి చేతికే.

పైగా ఆయుధాలు, మందుగుండు రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో 5వ అంశం. ఈ విషయంలో రాష్ట్రం చేసే చట్టం కోర్టు గడప దాటడమే కష్టం. కానీ చట్టం లేకుండానే కోటా తగ్గించడం, రెన్యువల్ ఫైలును నెలల తరబడి కదలనివ్వకపోవడం, నోటిమాటతో అమ్మకాలు ఆపించడం జిల్లా స్థాయిలో సాధ్యమే. మా భయం దాని గురించే.

రాయలసీమవాళ్లం కదా, ఆయుధాల గురించి మేం ఎలా మాట్లాడతామని మీరు అడగవచ్చు. ఫ్యాక్షన్‌లో భర్తల్ని, కొడుకుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు మా జిల్లాలో ఇంకా ఉన్నారు. వాళ్ల ముందు నిలబడి కూడా ఈ మాట చెప్పగలను. ఆ ఇళ్లను కూల్చిన నాటుబాంబులు, వేటకొడవళ్లు, దొంగ తుపాకులు ఏ రిజిస్టరులోనూ లేనివి. 2017 మే 21న వైఎస్సార్ కాంగ్రెస్ పత్తికొండ ఇన్‌చార్జి చెరుకులపాడు నారాయణరెడ్డిని మన జిల్లాలోనే దారికాచి నరికి చంపారు. ఆయన లైసెన్సు తుపాకీ రెన్యువల్ కాక అప్పటికి ఆయన చేతిలో లేదని ఆ రోజుల్లో పత్రికలు రాశాయి. పార్టీల మాట పక్కన పెట్టి ఆ ఒక్క సంగతి ఆలోచించండి. దొంగ ఆయుధాలు తయారు చేసేవాళ్లకు, అమ్మేవాళ్లకు ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా శిక్ష వేసేలా 2019లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఆ కత్తికి పదును పెట్టే పని మీ పోలీసులది. దానికి మా మద్దతు పూర్తిగా ఉంటుంది.

ఆ 2019 బిల్లే ఇంకో పాఠం కూడా చెబుతుంది. ఒక్కొక్కరికి మూడు తుపాకుల హద్దును ఒకటికి దించాలని మొదట ప్రతిపాదించారు. దేశమంతటి నుంచి అభ్యంతరాలు వచ్చాక రెండుకు ఒప్పుకున్నారు. ప్రజలు కారణం చూపించి వద్దంటే ప్రభుత్వం వినగలదని అప్పుడు రుజువైంది. అందుకే రాస్తున్నాను.

ఎన్నికల విషయం ఒకటి ఉంది. ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు తుపాకుల్ని స్టేషన్లో జమ చేయమంటారు. 2024లో మార్చి 16న షెడ్యూలు వచ్చింది, జూన్ 4న ఫలితాలు వచ్చాయి. అంటే తుపాకీ, తూటాలు స్టేషన్లో జమ చేసిన రైతుకు రెండున్నర నెలలకు పైగా చేతిలో ఏమీ ఉండదు. ఆ తర్వాత పంచాయతీ ఎన్నికలు, పరిషత్ ఎన్నికలు, మళ్లీ అదే వరస. బెయిల్ మీద ఉన్నవాళ్లు, నేర చరిత్ర ఉన్నవాళ్లు, ఎన్నికల్లో గొడవలు చేసినవాళ్లు ఎవరో స్క్రీనింగ్ కమిటీ ఒక్కొక్కరి విషయం చూసి తేల్చాలన్నదే ఎన్నికల సంఘం సూచనల సారం. 2009లో బొంబాయి హైకోర్టు కూడా అదే దారి చూపింది. కింది స్థాయికి వచ్చేసరికి కమిటీ మాట మరుగునపడి, "అందరూ తెచ్చి పెట్టండి" అనే ఫోను మాత్రమే మిగులుతోంది. ఏ కేసూ లేని రైతు పొలానికి పోవాల్సిన రాత్రి స్టేషన్ రశీదు పట్టుకుని ఇంట్లో కూర్చోవలసి వస్తోంది.

అమ్మా, చట్టబద్ధమైన దారి మూసేస్తే రైతు ఏం చేస్తాడో కూడా మీరు ఆలోచించాలి. చేను చుట్టూ కరెంటు తీగ లాగుతాడు. పందికి పెట్టిన ఆ తీగ తగిలి తోటి రైతులు, పశువులు చనిపోయిన వార్తలు మన రాష్ట్రంలో కొత్తవి కావు. కొందరు పందుల కోసం నాటుబాంబులు పెడతారు, వాటిని ఆవులు కొరికి నోళ్లు పగిలి చస్తాయి. కలెక్టరు సంతకంతో ఉన్న తుపాకీని, లెక్క ఉన్న తూటాను దూరం చేసి ఈ చావుల్ని తెచ్చుకోవడం ఎవరికి మేలు?

అందుకని మేం అడిగేది ఇది. పంట కాపలా లైసెన్సుదారుల తూటాల కోటా తగ్గించవద్దు. రెన్యువల్ దరఖాస్తులకు గడువు పెట్టించండి, ఆ గడువు దాటితే సంబంధిత అధికారి జవాబు చెప్పేలా చూడండి. రాబోయే ప్రతి ఎన్నికకూ ముందు స్క్రీనింగ్ కమిటీ నిజంగా కూర్చుని, కేసులు లేని రైతుల్ని మినహాయించి, ఆ జాబితాను మండల కేంద్రంలో అంటించేలా ఎస్పీలకు ఆదేశాలివ్వండి. అటవీ శాఖతో మాట్లాడి జింకలు మేసిన చేలకు పరిహారం అదే పంట కాలంలో చేతికందేలా చూడండి, సోలార్ కంచెలకు మా మండలాల్లో సాయం పెంచండి. అవన్నీ సరిగా జరిగిన నాడు మంచె మీద తుపాకీ అవసరం దానంతటదే తగ్గుతుంది.

వచ్చే ముంగారుకు విత్తనం వేసేలోపు మీ నుంచి జవాబు వస్తుందని ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
కౌతాళం మండలం నుంచి ఒక రైతు