బెంజ్ సర్కిల్ చాయ్ దగ్గర మొరాకో ఎత్తులు, మనం మరిచిన రహీం సాహబ్

ఇషా నమాజు అయ్యాక బెంజ్ సర్కిల్ దగ్గర చాయ్ తాగుదామని ఆగాను. పక్క బల్ల మీద నలుగురు కుర్రాళ్లు ఖాళీ గ్లాసులు, అగ్గిపెట్టె అటూ ఇటూ జరుపుతూ గట్టిగా వాదించుకుంటున్నారు. ఏదో స్థలం తగాదా అనుకున్నాను. తీరా వింటే, 2022 ఖతర్ వరల్డ్ కప్‌లో సౌదీ డిఫెన్స్ ఎక్కడ నిలబడిందీ అన్న గొడవ! ఈ జూన్ 11న అమెరికా, కెనడా, మెక్సికోల్లో 48 జట్లతో వరల్డ్ కప్ మొదలవుతోంది. జోర్డాన్, ఉజ్బెకిస్తాన్ మొదటిసారి ఆడుతున్నాయి. చాలా మ్యాచ్‌లు మనకు అర్ధరాత్రి దాటాకే. ఫజర్ దాకా టీవీ మోగే ఇళ్లు మన దగ్గర తక్కువేం ఉండవు.

"రెనార్డ్ జూదం ఆడాడు భాయ్, కలిసొచ్చింది అంతే" అన్నాడొకడు. సగం నిజమే. 36 మ్యాచ్‌లుగా ఓటమి లేని అర్జెంటీనా ముందు ఏ కోచ్ అయినా గోల్ దగ్గర గోడ కట్టేస్తాడు. సౌదీ కోచ్ హెర్వే రెనార్డ్ దానికి ఎదురు చేశాడు. డిఫెండర్లను దాదాపు మైదానం మధ్యదాకా ముందుకు తెచ్చి, ఒకే వరసలో నిలబెట్టాడు. బంతి వదిలే క్షణానికి ఆ వరస దాటి ఉన్న ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్. మెస్సీ పెనాల్టీ గోల్ కొట్టాక, ఫస్టాఫ్‌లోనే అర్జెంటీనా గోల్స్ మూడు అలా రద్దయ్యాయి. తర్వాత ఐదు నిమిషాల తేడాలో అల్ షెహ్రీ, అల్ దౌసరీ చెరొకటి కొట్టారు. 2-1. కానీ అదే సౌదీ తర్వాత పోలెండ్, మెక్సికోల చేతిలో ఓడి ఇంటికొచ్చింది. ఒకరోజు పారిన ఎత్తు రోజూ పారదు.

నన్నడిగితే అసలు పాఠం మొరాకోది. వలీద్ రెగ్రాగీ జట్టు చేతికి తీసుకున్నది టోర్నీకి మూడు నెలల ముందే. సెమీస్ దాకా వాళ్ల వలలో పడింది ఒక్కటే గోల్, అదీ వాళ్ల డిఫెండరే పొరపాటున కొట్టుకున్నది. స్పెయిన్ వెయ్యికి పైగా పాస్‌లు ఆడినా గోల్ లేదు, పెనాల్టీల్లో కూడా లేదు. ఎందుకంటే మొరాకో బంతి కోసం పరుగెత్తలేదు. వరసల మధ్య ఖాళీ లేకుండా దగ్గరగా నిలబడి, ప్రమాదం లేని పక్కల్లో "తీసుకో" అని బంతి వదిలేసింది. మధ్యలో అమ్రబత్ కాపలా. ఫ్రాన్స్‌తో సెమీస్‌లో మాత్రం రెగ్రాగీ వెనక ఐదుగురితో దిగాడు, ఐదో నిమిషంలోనే గోల్ పడింది. గాయాలున్నాయి, నిజమే. అయినా అలవాటైన పద్ధతిని ఆ రోజు మార్చడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇంత తెలిసిన పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాను. డిఫెండర్‌ని ఫార్వర్డ్‌గా దింపి ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిపించిన హైదరాబాద్ కోచ్ ఎవరు? కాసేపు మౌనం. తర్వాత ఒకడు "మైదాన్ సినిమా!" అన్నాడు. 2024లో ఆ సినిమా రాకపోతే ఆ మాటా వచ్చేది కాదేమో.

సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయిన భారత్‌ను, 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానానికి తెచ్చాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. 1962 జకార్తాలో తల పగిలి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను డిఫెన్స్ నుంచి తీసి ముందు పెట్టాడు. గ్రూపులో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియాపైనే ఫైనల్. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. అప్పటికే రహీం సాహబ్‌కి క్యాన్సర్. 1963 జూన్‌లో కన్నుమూశారు.

ఆ ఊరి గతి ఇప్పుడేంటి? 2022 మార్చిలో మనోలో మార్కెజ్ కోచ్‌గా ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. దేశం జట్టు సంగతి చూస్తే, అదే అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి 2027 ఆసియా కప్‌కి దూరమైంది. కోచ్ ఖాలిద్ జమీల్‌ని తిట్టడం తేలిక. ఆయన జట్టును అందుకున్నది 2025 ఆగస్టులో, అప్పటికే బాట సగం చెడింది. పైగా కోచ్ ఎత్తు వేయాలంటే కింద పావులుండాలి కదా. రహీం సాహబ్ పావుల్ని తనే తయారుచేసుకున్నాడు. డ్రిబ్లింగ్ చేయకూడదని ఒక టోర్నీ, బలం లేని కాలితోనే ఆడాలని ఇంకోటి పెట్టేవాడు. ఆడుతూనే పాస్ ఇవ్వడం, రెండు కాళ్లూ వాడడం పిల్లలకి వచ్చేసేవి. దానికి స్టేడియం అక్కర్లేదు, కోట్లూ అక్కర్లేదు. ఖాళీ జాగా, సాయంత్రం రెండు గంటలు ఓపిక పట్టే మాస్టారు ఒకరు చాలు. మన పేటల్లో ఆ రెండూ కరువే. అమ్మాయిల మాట ఇంకా వెనక. నిజామాబాద్ బిడ్డ సౌమ్య గుగులోత్ దేశానికి ఆడుతోందని ఆ నలుగురిలో ఒక్కడికే తెలుసు.

బలం లేని కాలి టోర్నీ మాట మాత్రం వాళ్లకి భలే నచ్చింది. ఈ ఆదివారం అస్ర్ తర్వాత అందరూ ఎడమ కాలితోనే ఆడాలని అక్కడికక్కడే తీర్మానం. "నాది ముందే ఎడమ కాలు, నా సంగతేంటి?" అని ఒకడు లేచాడు. గ్లాసులు మళ్లీ జరగడం మొదలైంది.