ఇంటోళ్ళ కూలి లెక్కలో ఎక్కడ?

పంట బాగొస్తే "ఈ తడవ ఇంత మిగిలింది" అని చెప్పుకుంటాము. మేమూ అంతే. పోయిన పంటలో 150 గుడ్లకు 105 కిలోల గూళ్ళు వచ్చినాయి. శిడ్లఘట్ట మార్కెట్లో కిలో 480 పలికింది, మొత్తం 50,400. చాకీ, ఎరువు, మందులు, బయటి కూలీలు, బండి బాడిగ అన్నీ కలిపి 22,000 పోతే 28,400 లాభం అని రాసినాము.

పీయూసీలో కామర్స్ చదివే మా పిల్లోడు నోటుబుక్కు చూసి, "అమ్మ కూలి యాడుంది నాయనా?" అన్నాడు. జవాబు లేదు. తెల్లారి నాలుక్కే లేచి ఆకు కోసేది ఆమె. బయటి మనిషికైతే 350 ఇస్తాము, మగ కూలికి 500. ఇద్దరిదీ 25 రోజులకు 21,250. అది తీస్తే మిగులు 7,150. షెడ్డు అప్పు వడ్డీ ఇంకా రాయనేలేదు.

కంపెనీవాళ్ళు మేనేజరు జీతం ఖర్చులో రాస్తారు. మనింటి ఆడోళ్ళది ఎందుకు రాయము?

ఆ లెక్కన కిలో గూళ్ళకు మా ఖర్చు 412. అంటే వానల్లో 390కి ఇచ్చేసి, "పర్వాలేదులే" అని బస్సెక్కింది నష్టానికే! ధర మన చేతిలో లేదు, నిజమే. పాటకు ఒప్పుకునేదీ, వద్దనేదీ మాత్రం మన చేతిలోదే. ఖర్చు తెలియకుండా ఏమని వద్దంటాము?

ఇంకొకటి. రీలరు పిడికెడు గూళ్ళు తీసి చూసేది ఊరికే కాదు, కిలో దారానికి ఎన్ని కిలోల గూళ్ళు పడతాయో లెక్కేసుకుంటాడు. జోడు గూళ్ళు, మచ్చ గూళ్ళు కలిపితే మంచివాటికీ రేటు పోతుంది. వేరే సంచిలో పెట్టండి.

ఈ పంటకు ఆమె కూలికి ఒక కాలమ్ గీసినాము. రోజూ ఆమే రాస్తోంది. మీ కిలో ఖర్చు ఎంతొచ్చిందో గ్రూపులో పెట్టండి.